ఆదివారం పూసిన గ్రీజు

మా పరాంకుశం మాస్టారి గది తలుపుకి నూనె వెయ్యకూడదు. కాలేజీలో అందరికీ తెలిసిన శాసనం ఇది. ఆ తలుపు తెరవాలంటే భుజం ఆనించి నెట్టాలి, మూయాలంటే కాలు అడ్డం పెట్టి లాగాలి, రెండింటికీ అది వరండా చివరిదాకా వినపడేలా కిర్రుమనేది. బల్ల సొరుగు సంగతి సరేసరి, రెండు చేతులతో కుస్తీ పడితే తప్ప బయటికి వచ్చేది కాదు. ఒకసారి కొత్తగా చేరిన అటెండరు, పాపం, మాస్టారు సంతోషిస్తారని తలుపు బందులకి నాలుగు చుక్కల నూనె వేశాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు వరండాలో నిలబడి కేకలు వేశారు. "నిన్నెవరు వెయ్యమన్నారు? అది ఎందుకు బిగుసుకుందో నన్నడిగావా? అడగాలా వద్దా?" అని. ముసలాయనకి తలుపు మీద ఇంత ప్రేమేమిట్రా అని మేం నవ్వుకున్నాం. నవ్వినవాళ్లలో నేను ముందున్నాను. ఆ మాట ఒప్పుకోకుండా మిగతాది చెబితే బాగుండదు.

మాస్టారు నేర్పే విద్యని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒక తెర మీద వందల అంకెలు, గీతలు, రంగులు ఒకేసారి కదులుతుంటే కన్ను కాసేపటికి అలిసిపోతుంది. అలిసిన కన్ను తెరిచే ఉంటుంది గాని దానికి ఏదీ ఆనదు. అందుకని ఆ భారంలో కొంత చేతికి పంచాలి. బరువుగానో, వణుకుగానో, గరుకుగానో మార్చి, కంటిని దాటిపోయేదాన్ని వేళ్లకి అందించాలి. ఈ పనిలో దేశంలో మా మాస్టారి తరవాతే ఎవరైనా అనేవారు. అలాంటి మనిషి పదకొండేళ్లుగా తన చేత్తో ఒక్క పరికరం కూడా తయారు చెయ్యలేదు. మా చేత చేయిస్తారు, తప్పులు పడతారు, తను మాత్రం స్క్రూడ్రైవరు ముట్టుకోరు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

మాతోపాటు ప్రవల్లిక అని ఒక అమ్మాయి పనిచేసేది. నాకంటే రెండేళ్లు చిన్న, తెలివిలో నాకంటే పదేళ్లు ముందు. దాంతో నాకు లోపల కాస్త ఉడుకుగానే ఉండేది. ఆమె ఒక చేతితొడుగు తయారు చేసింది. ఆస్పత్రిలో ప్రాణం మీదికి వచ్చినవాళ్లని ఉంచే వార్డులో నర్సు ముందు తెర ఉంటుంది. పన్నెండు మంచాలు, మంచానికి ఏడెనిమిది అంకెలు, పైగా నిమిషానికోసారి ఏదో ఒకటి కుయ్యో మొర్రోమని మోగడం. ప్రవల్లిక చేసిన తొడుగు వేసుకుని ఏ మంచం వైపు తిరిగితే ఆ మనిషి సంగతి వేళ్లకి తెలుస్తుంది. ఊపిరి చిటికెన వేలికి, నాడి చూపుడు వేలికి, అలా. మనిషి ఎంత దిగజారుతుంటే వేలి మీద అంత ఒత్తిడి. రోజూ డ్యూటీ అయ్యాక పైగుడ్డ విప్పి ఉతికి మళ్లీ తొడగొచ్చు కూడా. ఆ ముక్క ఆమె చాలా గర్వంగా చెప్పింది.

ఒక మధ్యాహ్నం ఆ తొడుగునీ, దాన్ని ఎలా వాడాలో రాసిన చిన్న పుస్తకాన్నీ పట్టుకుని ఆమె మాస్టారి గదికి వచ్చింది. నేను అక్కడే పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

"మాస్టారూ, పుస్తకమంతా రాశాను, ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. తెరేమో బాగానే ఉందంటోంది, తొడుగేమో బాగాలేదంటోంది అనుకోండి. లేదా తిరగేసి అనుకోండి. అప్పుడు నర్సు దేన్ని నమ్మాలి, కంటినా, చేతినా? ఏం రాయమంటారు?"

నేను ఉండబట్టలేకపోయాను. "అది కూడా అడగాలా? మాస్టారి పాత వ్యాసంలోనే ఉందిగా. చేతినే నమ్మాలి!" అన్నాను.

మాస్టారు నా వైపు చూశారు. తిడతారేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన లేచి సొరుగుతో కుస్తీ పట్టి, లోపలినించి పాత న్యూస్‌పేపర్లో చుట్టిన మూట ఒకటి తీశారు. అందులో జానెడు ఇత్తడి పిడి ఉంది. దాని అడుగున గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంది. "ఇద్దరూ ఒకసారి పట్టుకోండి," అన్నారు. పట్టుకున్నాం. చల్లగా, నున్నగా ఉంది, అంతకు మించి ఏమీ తెలియలేదు. "ఏమైనా చెప్పిందా?" అని అడిగారు. లేదన్నాం. ఆ తరవాత ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. మధ్యలో ఆయన చాలాసార్లు ఆగారు. ఆ ఆగడం ఎలా రాయాలో నాకు చేతకాదు.

పదకొండేళ్ల కిందట మాస్టారికి ఒక బొగ్గు బాయి వాళ్లు కబురు చేశారు. ఆ బాయిలో భూమి కింద చాలా లోతున పొడుగాటి బొగ్గు గోడని యంత్రం కోస్తూ పోతుంది. కోసేచోట మనుషుల నెత్తిన కప్పు కూలకుండా నూటపది ఉక్కు సపోర్టులు వరసగా నిలబడి కొండని మోస్తుంటాయి. ఏ సపోర్టు మీద ఎంత బరువు పడుతోందో పైన, ఆఫీసు గదిలో, తెర మీద కనిపిస్తుంది. నూటపది నిలువు కడ్డీలు, బరువు తక్కువైతే ఆకుపచ్చ, పెరిగితే పసుపు, మరీ పెరిగితే ఎరుపు. ఆ తెర ముందు మొదటి షిఫ్టులో కూర్చునేవాడు జాడి మొండయ్య. ఇరవై రెండేళ్లు బాయిలో పనిచేసి, భుజం పోయాక పైకి వచ్చినవాడు. మాస్టారు అతని పక్కన రెండు రోజులు కూర్చుని చూశారు. కడ్డీలు పసుపుకి మారడం, మళ్లీ ఆకుపచ్చ కావడం రోజుకి యాభైసార్లు జరుగుతోంది. మూడో గంటకల్లా మొండయ్య కళ్లు తెర మీదే ఉన్నా మనిషి అక్కడ లేడు.

"మొండయ్యా, నీకు కింద పనిచేసే రోజుల్లో కప్పు సంగతి ఎలా తెలిసేది?" అని మాస్టారు అడిగారు.

మొండయ్య చేసి చూపించాడు. కుడి చేత్తో ఉత్తుత్తి కర్ర పట్టుకుని పైన తట్టాడు, ఎడమ అరచెయ్యి లేని కప్పుకి ఆనించాడు. "గిట్ల. కర్రతోని తడితె కప్పు లోపల ఎట్లున్నదో గీ చేతికి ఎరుకైతది సార్. మిషిన్ల మోతల చెవులు పనిచెయ్యయి, దీపం వెలుగుల కండ్లు పనిచెయ్యయి. చెయ్యి తప్పది. గీ గాజు ముట్టుకుంటె ఏమెరుకైతది, సలువ తప్ప?" అంటూ తెర మీద అరచెయ్యి పెట్టాడు.

మాస్టారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట, సంతోషంతో. కప్పుని పైకి తెచ్చి మొండయ్య చేతిలో పెట్టాలనుకున్నారు. తెర కింద బల్ల పొడుగునా ఒక పట్టా, దాని మీద జారే ఇత్తడి పిడి. పిడిని ఎడమ కొసనించి కుడి కొసకి జరుపుతుంటే ఒకటో సపోర్టునించి నూటపదో సపోర్టు దాకా కప్పు కింద చెయ్యి రాసుకుంటూ పోయినట్టే. బరువు లేనిచోట పిడి తేలిగ్గా జారుతుంది. బరువు దిగుతున్నచోట లోపల చిన్న బ్రేకు బిగిసి పిడిని పట్టేస్తుంది. ఎంత బరువైతే అంత పట్టు. తెర చూపించే బరువు పదిహేను నిమిషాల సగటు, పిడి చెప్పేది ఆ క్షణంలో పడుతున్న బరువు. అందుకని చెయ్యి కంటికంటే ముందు తెలుసుకుంటుంది.

పట్టానీ పిడినీ తయారు చేసింది ఆ బాయి వర్క్‌షాపు ఫిట్టరు ఓదెలు. మాస్టారు కాగితం మీద గీసిచ్చిన దాన్ని అతను వారం రోజులు ఆకురాయితో, ఎమెరీ కాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చేశాడు. చిటికెన వేలితో తోస్తే పిడి ఈ కొసనించి ఆ కొసకి పోయి ఆగేది. "ఎట్లుంది సార్? వెన్న మీద పోయినట్టు పోతలేదా?" అని మురిసిపోయాడు. ఆ తరవాత మాస్టారు దాన్ని కాలేజీకి పట్టుకొచ్చి, లోపల బ్రేకు అమర్చి, పైన మూత బిగించి తీసుకుపోయారు. ఓదెలుకి ఒక తమ్ముడున్నాడు, రాయమల్లు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లట. ఓదెలే భుజాన వేసుకు తిరిగి పెంచాడు, చదివించాడు, బాయిలో పనికి పెట్టించాడు. రాయమల్లు డ్యూటీ ఆ బొగ్గు గోడ దగ్గరే, మొదటి షిఫ్టులో, అరవై నాలుగో సపోర్టు కింద. అందుకే ఓదెలు రోజూ పొద్దున మొండయ్య గదిలోకి తొంగి చూసి ఒకే మాట అనేవాడు. "మొండన్నా, అరవై నాలుగు కాడ జర పైలం. మా తమ్ముడున్నడు."

పరికరం బిగించిన రోజు తెర ముందు కూర్చునే ఆరుగురినీ కూర్చోబెట్టి మాస్టారు పాఠం చెప్పారు. టీలు, సమోసాలు వచ్చాయి. పిడి ఎలా జరపాలో, పట్టు తగిలితే ఏం చెయ్యాలో, మనుషుల్ని ఎప్పుడు పైకి పిలవాలో, అన్నీ. ఓదెలు గుమ్మంలో సంచీతో నిలబడి ఉన్నాడు. "నేను సుత కూసోవాల్నా సార్?" అని అడిగాడు.

"నీకెందుకులే ఓదెలూ, నీ పని నువ్వు చూసుకో," అన్నారు మాస్టారు.

ప్రేమగానే అన్నారట. పాపం వర్క్‌షాపులో పని ఎక్కువ, ఇతన్ని ఇక్కడ గంటసేపు కూర్చోబెట్టడం ఎందుకని. వెళ్లే ముందు మొండయ్య ఒక సందేహం అడిగాడు. తెర ఒకటి చెప్పి పిడి ఒకటి చెబితే ఏం చెయ్యాలని. సరిగ్గా ప్రవల్లిక అడిగిందే. మాస్టారు తెల్లకాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాసి తన చేత్తోనే గోడకి అంటించారు. 'కన్ను ఒకటి చెప్పి చెయ్యి ఒకటి చెబితే చేతినే నమ్మండి.'

ఎనిమిది నెలలు ఆ పిడి చెప్పినట్టే జరిగింది. రెండుసార్లు తెర ఇంకా ఆకుపచ్చగా ఉండగానే పట్టు తగిలి మొండయ్య మనుషుల్ని పైకి పిలిచాడు. రెండుసార్లూ గంట తిరక్కుండా కప్పు కూలింది, కింద ఎవరూ లేరు. మాస్టారికి శాలువాలు కప్పారు, వ్యాసాలు అచ్చయ్యాయి. నేను గొప్పగా గుర్తుపెట్టుకున్న ఆ వ్యాసం కూడా అప్పటిదే.

తొమ్మిదో నెలలో ఒక ఆదివారం వచ్చింది. ఆ రోజు బాయికి సెలవు, యంత్రాలకి మరమ్మత్తు. బొగ్గు కోయని రోజు కప్పు ఊరికే ఉండదు. కోత ఆగిపోయి సపోర్టులన్నీ ముందుకి జరక్కుండా ఉన్నచోటే నిలబడితే కొండ మెల్లగా వాటి మీదికి దిగుతుంది. కింద ఎవరూ లేరు, తెర ముందూ ఎవరూ లేరు. మధ్యాహ్నం ఓదెలు ఆ గదిలోకి వచ్చాడు. ఫ్యాను చూశాడు, కుర్చీ కాలు బిగించాడు. పోతూ పోతూ తను చేసిన పిడి మీద చెయ్యి వేసి ఒకసారి జరిపాడు. అరవై దాటాక అది పట్టేసింది. మళ్లీ జరిపాడు. మళ్లీ అక్కడే.

ఆ కొండ దిగుతున్న సంగతి అందిన మొదటి మనిషి అతనే, ఆ బాయి మొత్తానికి. చాలా స్పష్టంగా అందింది, తమ్ముడు నిలబడేచోటే, తన సొంత చేతికి. కాని ఆ పట్టు ఎందుకో అతనికి ఎవరూ చెప్పలేదు, పైగా ఓదెలు చెయ్యి ఫిట్టరు చెయ్యి. ముప్ఫై ఏళ్లుగా ఏది పట్టేస్తే దాన్ని వదులు చెయ్యడం, ఏది బిగుసుకుంటే దానికి గ్రీజు పెట్టడం నేర్చిన చెయ్యి. వెన్నలా చేసిచ్చిన పట్టా ఇలా మొరాయిస్తోందే అని అతనికి నామోషీ వేసింది. మొండన్న భుజం అసలే మంచిది కాదు, రోజూ దీన్ని ఎట్లా గుంజుతున్నాడో అని జాలి కూడా వేసింది. మూత విప్పాడు. లోపల ఒక చిన్న బ్రేకు పట్టాని ఒరుసుకుంటూ కనిపించింది. దాని మరని మూడు చుట్లు వదులు చేశాడు, పట్టా పొడుగునా శుభ్రంగా గ్రీజు పూశాడు, మూత బిగించాడు. చిటికెన వేలితో తోసి చూశాడు. పిడి ఈ కొసనించి ఆ కొసకి వెళ్లి ఆగింది. ఇంటికి పోయి తమ్ముడితో కలిసి అన్నం తిన్నాడు.

సోమవారం పొద్దున రాయమల్లుతో కలిపి పదకొండుమంది దిగారు. ఎనిమిదిన్నరకి తెర మీద అరవైకీ డెబ్భైకీ మధ్య కడ్డీలు పసుపుకి మారాయి. మొండయ్య పిడి జరిపాడు. హాయిగా జారింది. తొమ్మిదికి కిందినించి ఫోను. రాయమల్లే.

"మొండన్నా, ఈడ పైనుంచి దుమ్ము రాలుతాంది. బైటికి రమ్మంటవా?"

"ఆగు తమ్మీ, చూసి చెప్త."

మొండయ్య తెర వంక చూశాడు. పసుపు. పిడి పట్టుకుని ఒకసారి జరిపాడు, నమ్మకం చాలక రెండోసారి జరిపాడు, అరవై నాలుగు దగ్గర చెయ్యి ఆపి ఆపి మూడోసారి జరిపాడు. ఎక్కడా పట్టు లేదు. ఎదురుగా గోడ మీద కాగితం ఉంది. ఇరవై రెండేళ్లు బాయిలో పనిచేసినవాడు, నెత్తిన దుమ్ము రాలితే ఏం చెయ్యాలో అతనికి తెలియదా? తెలుసు. అయినా తన చెయ్యి అంత స్పష్టంగా చెబుతుంటే కాదని ఎలా అనుకుంటాడు? "ఏం గాదు తమ్మీ, చెయ్యి మంచిగనే జారుతాంది. పని చేసుకోండ్రి," అని ఫోను పెట్టేశాడు.

పావుగంటలో కప్పు కూలింది. పదిమంది బయటికి వచ్చారు. అరవై నాలుగో సపోర్టు కింద ఉన్నవాణ్ణి బయటికి తియ్యడానికి రెండు రోజులు పట్టింది.

విచారణ జరిగింది. నేల స్వభావం వల్ల అనుకోకుండా జరిగిన ప్రమాదమని రాసుకున్నారు. పిడి సంగతి ఎవరూ అడగలేదు. పిడి ఎందుకు చెప్పలేదన్నది మాస్టారి ఒక్కరికే మింగుడుపడలేదు. తమ్ముడి దినాలు చేసి ఓదెలు మళ్లీ డ్యూటీలో చేరాడని తెలిశాక ఆయన ఆ బాయికి వెళ్లారు. మూత విప్పడానికి సాయం కావాలంటే ఓదెలునే పంపారు. ఓదెలు టార్చి పట్టుకున్నాడు, మాస్టారు స్క్రూడ్రైవరుతో మూత తీశారు. లోపల గ్రీజు కొత్తగా, తేనెరంగులో మెరుస్తోంది. బ్రేకు మర వదులుగా వేలాడుతోంది.

మాస్టారు దాని వంక చూస్తూ ఉండిపోయారు. ఓదెలు వంగి చూసి, ఇన్ని రోజుల తరవాత మొదటిసారి కాస్త మామూలు గొంతుతో అన్నాడు. "గా పని నేనే చేసిన సార్, మొన్నొక ఆదివారం. మధ్యల పట్టేస్తాండె. ఇప్పుడు మంచిగ జారుతాంది."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఓదెలు కాసేపు ఆయన మొహంలోకి చూశాడు, తరవాత పిడి వంక, తరవాత తెర వంక చూశాడు. వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు మరల మధ్య బతికినవాడికి ఒక మర ఎందుకుందో తెలుసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? చాలా మెల్లగా అడిగాడు.

"అది పట్టెయ్యాల్నా సార్?"

ఇక్కడికి వచ్చాక మాస్టారు మా ముందు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అబద్ధం చెప్పాను," అన్నారు. "నా జన్మలో అంత స్పష్టంగా ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. 'లేదు ఓదెలూ. నువ్వు మంచి పనే చేశావు. దీనికీ దానికీ సంబంధం లేదు' అన్నాను. గొంతు కూడా వణకలేదు. మొహం కూడా సరిగ్గానే పెట్టుకున్నాననుకుంటా."

ఓదెలు తల ఊపాడు. నమ్మినట్టే ఉన్నాడు. టార్చి కింద పెట్టి, మూత బిగిద్దామని మాస్టారి చేతిలోని స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపాడు. స్క్రూడ్రైవరు అందుకోబోతే దానితోపాటు మాస్టారి వేళ్లు కూడా అతని అరచేతిలోకి వచ్చాయి. ఓదెలు వాటిని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. మాస్టారి వేళ్లు వణుకుతున్నాయి. మాట ఒకటి చెబుతోంది, చెయ్యి ఇంకొకటి చెబుతోంది. ఎదురుగా గోడ మీద కాగితం అలాగే ఉంది, మాస్టారి దస్తూరీతో, పెద్ద అక్షరాలతో.

ఓదెలు తన చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకుని ఆగలేదు. తుడుస్తూనే గుమ్మం దాకా వెళ్లాడు. ఆ రోజు సమోసాలు తింటూ అందరూ పాఠం వింటుంటే తను సంచీతో నిలబడ్డచోట ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"ఆరోజు నన్ను సుత కూసోమంటె అయిపోతుండె గద సార్."

ఏడవలేదు, తిట్టలేదు. ఆ మాట అని వెళ్లిపోయాడు. ఆ తరవాత అతను మళ్లీ పనిముట్టు పట్టలేదు. బతిమాలుకుని గేటు దగ్గర కాపలా పని వేయించుకున్నాడు. మొండయ్య తెర ముందు కూర్చోనన్నాడు, ఇంట్లోనే ఉండిపోయాడు. తరవాతి ఏడు మాస్టారు ఒకసారి వెళ్లి గేటు దగ్గర ఓదెలుని చూశారట. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడట. ఈయన్ని చూసి లేచాడు గాని చేతులు బయటికి తియ్యలేదు. మాస్టారు గేటు దాటకుండానే వెనక్కి వచ్చేశారు.

మాస్టారి తలుపు మీద నేను వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్రవల్లిక కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల మొండిది, అడిగింది వదలదు. తన పుస్తకం తెరిచి, "మరి ఆ వాక్యం ఏం రాయను మాస్టారూ? కంటినే నమ్మమననా?" అంది.

మాస్టారు బల్ల మీదున్న ఆమె తొడుగుని మొదటిసారి చేతిలోకి తీసుకున్నారు. పైగుడ్డని వేలితో కొంచెం జరిపి చూశారు. లోపల అయిదు వేళ్లకీ అయిదు సన్నటి తీగలు, అచ్చం ఒకేలా ఉన్నాయి, ఏది ఏ వేలిదో తెలిసేలా గుర్తేమీ లేదు.

"దీన్ని రోజూ విప్పి ఉతికి మళ్లీ తొడిగేది ఎవరమ్మా?"

ప్రవల్లిక తొడుగు వంక చూసింది. "ఆస్పత్రిలో బట్టలుతికే ఆవిడ ఒకరుంటారు. పేరు... పేరు తెలీదు మాస్టారూ." ఆమె మొహం పాలిపోయింది. తరవాత గబగబా అంది. "రేపే వెళ్లి కనుక్కుంటాను. ఆవిడని కూర్చోబెట్టి, అందరికంటే ముందు ఆవిడకే నేర్పుతాను."

మాస్టారు పిడిని మళ్లీ న్యూస్‌పేపర్లో చుట్టి సొరుగులో పెట్టారు. సొరుగు ఒక పట్టాన మూసుకోలేదు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నారు.

"నేర్పు తల్లీ," అన్నారు. "ఆవిడ సెలవు పెట్టిన రోజు ఎవరొస్తారో, అది కూడా కనుక్కో."